కుళాయి నీళ్లూ... మా నాన్నగారి చెంబూ

(ప్రపంచ జల దినోత్సవం సందర్భంగా జోనల్ ఆఫీసులో సిబ్బంది, కుటుంబ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హెచ్.ఆర్. వాళ్లు ఫోన్ చేసి, "మేడమ్, జల దినోత్సవం వస్తోంది, మీరో ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నప్పుడు నీటి పొదుపు గురించి కాబోలు అనుకున్నాను. కుళాయి కట్టేయండి, బకెట్‌తో కారు కడగండి... ఇవన్నీ మీకు తెలిసినవే. ఏ రసాయనమూ కలపకుండా కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన పోగొట్టుకోవడం ఎలా అన్నది మాట్లాడతానన్నాను. "అది కెమిస్ట్రీ కదా మేడమ్?" అన్నారు. నిజమే. నేను చదివింది ఎంబీఏ, చేసేది రుణాల విభాగంలో పని. కెమిస్ట్రీ ఇంటర్‌తోనే నాకు నమస్కారం పెట్టేసింది. కానీ ఈ విషయం మీద మా ఇంట్లో మూడేళ్లుగా ప్రయోగాలు నడిచాయి. అందులో ఒక పెద్ద తప్పు కూడా జరిగింది. ఆ తప్పు చేసింది నేనే కాబట్టి చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

మా నాన్నగారిది కోనసీమ. ఆయన ఇక్కడే ఉన్నారు, మూడో వరసలో తెల్ల పంచె కట్టుకుని. ఆయన అనుమతి తీసుకునే ఈ సంగతులు చెబుతున్నాను. బడిపంతులుగా రిటైరయ్యారు. అమ్మ పోయాక ఒక్కరే ఉండలేరని హైదరాబాద్ తీసుకొచ్చాం. వచ్చిన రోజున వంటింటి కుళాయి నీళ్లు గ్లాసులో ఇస్తే ఒక్క గుక్క తాగి కింద పెట్టేశారు.

"ఏవమ్మా, ఇందులో బ్లీచింగ్ కలిపావా?"

"నేనెందుకు కలుపుతాను నాన్నా? జలమండలి వాళ్లే కలుపుతారు. మంచిదే, తాగండి" అన్నాను, బ్యాగు భుజాన వేసుకుంటూ. అది మార్చి నెలాఖరు. మార్చి నెలాఖరులో బ్యాంకు వాళ్లకి ఇంటి అడ్రసు గుర్తుండటమే గొప్ప. గ్లాసు సంగతి అక్కడితో మర్చిపోయాను.

మే నెలలో ఒకరోజు తెల్లవారుజామున బాత్‌రూమ్ దగ్గర కళ్లు తిరిగి పడిపోయారు. అదృష్టం, తల తలుపుకు తగిలింది గానీ గచ్చుకు తగల్లేదు. ఆసుపత్రిలో పరీక్షలు చేసి, ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందన్నారు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందన్నారు. "రోజుకి ఎన్ని నీళ్లు తాగుతారు పెద్దాయన?" అని డాక్టరమ్మ అడిగితే నేను చెప్పలేకపోయాను. ఏ శాఖలో ఎంత మొండి బకాయి ఉందో కాగితం చూడకుండా చెబుతాను. మా నాన్నగారు ఎన్ని గ్లాసుల నీళ్లు తాగుతారో మాత్రం నాకు తెలియదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి చెప్పింది. తాతయ్య పొద్దున కాఫీ, మధ్యాహ్నం మజ్జిగ, సాయంత్రం మళ్లీ కాఫీ. అంతే. నేను టేబుల్ మీద పెట్టి వెళ్లిన నీళ్ల చెంబు ఆయన రోజూ బాల్కనీలో తులసి కుండీలో పోసేస్తున్నారట. చెంబు ఖాళీగా కనబడితే అమ్మాయి సంతోషిస్తుందని. ఆ వేసవిలో మా తులసి మాత్రం ఏపుగా ఉండేది.

"ఎందుకు నాన్నా ఇలా చేశారు?" అంటే, "వాసనమ్మా. గొంతు దిగదు. నీకు చెబితే నువ్వు డబ్బా నీళ్లు కొంటావు, దండగ" అన్నారు. వాళ్ల చిన్నప్పుడు గోదావరి ఎర్రనీరు వస్తే బిందె లోపల చిల్లగింజ అరగదీసి, మట్టి అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు తాగేవారట. ఆ నీళ్లు ఎర్రగా ఉన్నా వాసన లేదు, ఈ నీళ్లు తెల్లగా ఉన్నా వాసన ఉంది. ఆయనకు తేడా అంతే. ఆ గోదావరి నీళ్లతో ఎంతమందికి కలరా వచ్చిందో ఆయనే మరోసారి చెప్పారు గానీ, ఆ రోజు వాదనకు దిగే ఓపిక నాకు లేదు.

సరే, వాసన పోగొట్టాలి. డబ్బా నీళ్లు వద్దు, మందులు కలపొద్దు. మొదలుపెట్టాం.

మా అపార్ట్‌మెంట్‌లో సంపులోంచి పైన ట్యాంకుకెక్కి వచ్చే నీళ్లకు పెద్దగా వాసన ఉండదు. ఇక్కడివాళ్లు ఇప్పటికీ 'మంజీరా నీళ్లు' అనే మున్సిపల్ కుళాయి నేరుగా వచ్చేచోటే ఘాటు. ఆ నీళ్లు మూతి వెడల్పాటి స్టీలు తపేలాలో పట్టి, నాన్నగారి పాత పంచెను ఉతికి, చించి, ఆ గుడ్డ కట్టి రాత్రంతా వంటింటి గట్టు మీద ఉంచాను. పొద్దున్నే ఆయనకిచ్చాను. వాసన చూశారు. ఒక గుక్క తాగారు. చెంబు మొత్తం తాగేశారు. "ఇవేం నీళ్లు?" అన్నారు. "అవే నీళ్లు" అన్నాను.

కొత్త శాఖ మొదటి రోజే టార్గెట్ దాటితే ఉండే సంతోషం లాంటిది అది. మా అమ్మాయి అక్వేరియం సామాన్ల దుకాణం నుంచి క్లోరిన్ పరీక్ష చేసే చుక్కల మందు తెచ్చింది. పంచాయతీల్లో నీటి ట్యాంకు దగ్గర చిన్న గాజుగొట్టంలో నీళ్లు పట్టి, చుక్కలు వేసి రంగు చూస్తారే, ఆ క్లోరోస్కోప్ లాంటిదే. క్లోరిన్ ఉంటే నీళ్లు పసుపు రంగుకు తిరుగుతాయి, ఎంత ఉంటే అంత ముదురు. చుక్కలు వేసిన నీళ్లు తాగకూడదు, పారబొయ్యాలి. ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి.

మా పరీక్షలో తేలింది ఇదీ. సాయంత్రం పట్టిన నీళ్లు పసుపు. వెడల్పు తపేలాలో రాత్రంతా ఉన్నవి పొద్దునకి రంగు తిరగలేదు. సన్నమూతి బిందెలో ఉన్నవి పొద్దునకి కూడా లేత పసుపు. మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలోవి దాదాపు నిన్నటి రంగే. ఫ్రిజ్ నీళ్లలో వాసన తెలియకపోవడానికి చల్లదనమే కారణం, క్లోరిన్ ఎక్కడికీ పోలేదు. గాలి తగిలే వైశాల్యం, వెచ్చదనం, వెలుతురు, ఈ మూడింటిని బట్టి పని జరుగుతుంది. అందుకే వేసవిలో ఒక రాత్రి చాలు, చలికాలంలో ఒక్కోసారి ఇరవై నాలుగు గంటలు పడుతుంది.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ ప్రసంగం అయిదు నిమిషాల్లో అయిపోయేది. మరుసటి వేసవిలో నాకు జిల్లాల్లో నాలుగు రోజుల ఇన్‌స్పెక్షన్ పడింది. నేను లేకపోతే రోజూ తపేలా పట్టి గుడ్డ కట్టే పని ఎవరికీ గుర్తుండదని, మేనేజ్‌మెంట్ చదివిన బుర్రతో ముందుచూపు చూపించాను. రెండు పెద్ద పాత్రల్లో నీళ్లు పట్టి, ఎండలో పెట్టి, వాసన పూర్తిగా పోయాక వంటింట్లో పెట్టాను. నాలుగు రోజులకు సరిపడా స్టాకు. చుక్కలు వేసి చూశాను, రంగు రాలేదు. బ్రహ్మాండం అనుకున్నాను.

నాలుగో రోజు రాత్రి మావారు ఫోన్ చేశారు. పాపకు వాంతులు, విరేచనాలు. నేను తెల్లవారే బస్సు పట్టుకుని వచ్చేసరికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కుతోంది. పన్నెండేళ్ల పిల్ల. పెదాలు ఎండిపోయి, కళ్లు లోపలికి పోయి ఉంది. రెండు రోజులు ఉంచారు. తగ్గింది. ఇప్పుడు మీ ముందు నవ్వుతూ చెప్పగలుగుతున్నాను గానీ, ఆ రెండు రోజులు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఒక్కటే లెక్క వేసుకున్నాను. ఆ పాత్రలో ఎవరెవరు చేతులు ముంచారు? నాన్నగారి చెంబు మునిగింది. పనమ్మాయి గ్లాసు మునిగింది. ఆడుకుని వచ్చిన పాప చెయ్యి మునిగింది. నాలుగు రోజులు, వేసవి వేడి, ఒకే పాత్ర. ఆ నీళ్ల వల్లే వచ్చిందని ఎవరూ పరీక్ష చేసి చెప్పలేదు. బయట తిన్న పానీపూరీ కూడా కావచ్చు. కానీ ఆ నీళ్లకున్న కాపలాను నేనే తీసేశానని నాకు తెలుసు.

ఆ కాపలా ఏమిటో మన భాషలో చెబుతాను. వ్యవసాయ రుణాలు చూసినవాళ్లందరికీ డీసీబీ రిజిస్టరు తెలుసు. డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. నీళ్లకీ అదే లెక్క. నీళ్లలో క్లోరిన్ వెయ్యగానే దానికి డిమాండ్ ఉంటుంది. నిజంగా నీటి ఇంజనీర్లు వాడే మాట కూడా 'క్లోరిన్ డిమాండ్'. నీళ్లలో ఉన్న క్రిములు, కుళ్లిన ఆకు అలము, ఇనుము, అమ్మోనియా, ఇవన్నీ ముందు తమ వాటా తీసుకుంటాయి. అవి తీసుకోగా మిగిలేదే బ్యాలెన్స్, అవశేష క్లోరిన్. మన ముక్కుకు తగిలే వాసనలో ఎక్కువ భాగం ఈ బ్యాలెన్స్‌దే.

ఈ బ్యాలెన్స్ ఎందుకు ఉంచుతారు? నీటిశుద్ధి కేంద్రం నుంచి మన ఇంటికి నీళ్లు కిలోమీటర్ల కొద్దీ పైపుల్లో వస్తాయి. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వస్తున్నాయి. మా నాన్నగారికి ఈ రెండో సంగతి చెప్పినప్పుడు ఆయన ముఖం చూడాలి, "అయితే ఇవి మావే" అన్నారు. ఊళ్లోకొచ్చాక పైపులు మురుగు కాలవల పక్కనుంచి వెళతాయి. సరఫరా గంట సేపో, రెండు గంటలో, చాలాచోట్ల రోజు విడిచి రోజు. నీళ్లు ఆగినప్పుడు పైపులో ఒత్తిడి ఉండదు. ఎక్కడైనా చిల్లుంటే బయటి మురుగు లోపలికి లాక్కుంటుంది. ఆ మురుగును చంపడానికి దారి పొడవునా క్లోరిన్ ఉండాలి. చివరి ఇంటి కుళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలని మన భారతీయ ప్రమాణం, ఐ.ఎస్. 10500, చెబుతోంది. అంటే మినిమమ్ బ్యాలెన్స్! వెయ్యి లీటర్ల ట్యాంకుకి గ్రాములో అయిదో వంతు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యరీత్యా పెట్టిన హద్దు లీటరుకు 5 మిల్లీగ్రాములు. మన ముక్కు అంతకంటే చాలా తక్కువలోనే పట్టేస్తుంది. కాబట్టి వాసన రాగానే విషమేమోనని కంగారు పడక్కర్లేదు.

కంగారు పడాల్సింది ఎప్పుడో చెబుతాను. రోజూ వాసన వచ్చే కుళాయిలో ఒకరోజు హఠాత్తుగా ఏ వాసనా రాలేదు, నీళ్లు కొంచెం మసగ్గా ఉన్నాయి. అప్పుడు! బ్యాలెన్స్ నిల్ అయిందంటే దారిలో ఎవరో డ్రా చేశారన్నమాట. ఆ రోజు మరిగించకుండా తాగొద్దు, జలమండలికి ఫిర్యాదు చెయ్యండి. మేం ఆ చుక్కల సీసాను ఇప్పుడు ఎక్కువగా వాడేది దీనికే, క్లోరిన్ పోయిందా అని కాదు, వచ్చిందా అని.

ఒక చిన్న చరిత్ర సంగతి, నాకు ఎంతో నచ్చింది కాబట్టి చెప్పకుండా ఉండలేను. క్లోరిన్‌ను స్వీడన్‌లో కార్ల్ షీలే అనే ఆయన 1774లో కనుక్కున్నాడు. ఊరి నీళ్లకు నిరంతరాయంగా కలపడం ఇంగ్లండ్‌లోని లింకన్ పట్నంలో 1905లో మొదలైంది. అమెరికాలో జెర్సీ సిటీకి వెళ్లే నీళ్లలో 1908 సెప్టెంబరు 26న మొదలుపెట్టారు. సరిగ్గా రెండు రోజుల తర్వాత, సెప్టెంబరు 28న, మన మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. దానికీ దీనికీ సంబంధం లేదు. కానీ ఆ వరద వల్లే విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి, ఈ నగరం కుళాయి నీళ్లకు అలవాటు పడింది. క్లోరిన్, కుళాయి రెండూ ఒక్క వారంలో మన కథలోకొచ్చాయని మా అమ్మాయి స్కూల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకుంది.

సరే, కాపలా తీసేస్తే ప్రమాదం, తీయకపోతే పెద్దాయన తాగరు. మధ్యేమార్గంగా మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి చెబుతాను. తాగడానికి ఒక రోజుకు కావలసినంతే, మా అయిదుగురికి పన్నెండు లీటర్లు, సాయంత్రం తపేలాలో పడతాం. గుడ్డ గట్టిగా తాడుతో కడతాం, గాలి ఆడాలి గానీ దోమ దూరకూడదు. డెంగీ దోమ గుడ్లు పెట్టేది మన ఇళ్లలో నిలవ ఉండే మంచినీళ్లలోనే అని మర్చిపోవద్దు. పొద్దున ఆ నీళ్లను కుళాయి బిగించిన మట్టికుండలోకి పోస్తాం. కుళాయి ఉన్న కుండ ఎందుకంటే అందులో ఎవరి చెయ్యీ మునగదు. కుళాయి కుండ లేనివాళ్లు పొడుగు కాడ గరిటె పెట్టుకోండి, గరిటె తీసి పక్కన పడేయకుండా కొక్కేనికి తగిలించండి. మర్నాటి పొద్దునకి మిగిలినవి ఎంతున్నా సరే తులసికి. ఇప్పుడు దానికి నిజంగా మిగిలినవే వెళుతున్నాయి. కుండ, తపేలా రోజూ కడిగి బోర్లించాలి. వర్షాకాలం నాలుగు నెలలూ ఇది కూడా చెయ్యం, మరిగించడమే. ఇంట్లో చంటిపిల్లలున్నా, కీమోథెరపీ లాంటి చికిత్సలో ఉన్నవాళ్లున్నా, ఏ కాలమైనా మరిగించండి.

మరిగించడం గురించి రెండు మాటలు. నీళ్లు తెర్లు కాగడం మొదలయ్యాక ఒక్క నిమిషం చాలు, క్రిములు చస్తాయి. వాసన కూడా పోవాలంటే మూత తీసి పది, పదిహేను నిమిషాలు మరగనివ్వాలి, గ్యాస్ ఖర్చు అక్కడే. కాచిన నీళ్లు చప్పగా ఉంటాయని పిల్లలు తాగరు. నీళ్లలో కరిగి ఉన్న గాలి పోవడం వల్ల ఆ చప్పదనం. చల్లారాక శుభ్రమైన రెండు గిన్నెల మధ్య కాఫీ తిరగబోసినట్టు నాలుగైదుసార్లు తిరగబోస్తే రుచి కొంత తిరిగి వస్తుంది. ఇలా తిరగబోయడం పచ్చినీళ్లలో కూడా వాసనను తగ్గిస్తుంది, పూర్తిగా పోగొట్టదు. చుట్టాలు అకస్మాత్తుగా వస్తే మా నాన్నగారు చేసే పని ఇదే. మీటరు ఎత్తు నుంచి పోస్తారు, వంటిల్లు తుడిచే పని నాది.

ఎండ చాలా వేగంగా పని చేస్తుంది. మిట్టమధ్యాహ్నం వెడల్పు స్టీలు పళ్లెంలాంటి గిన్నెలో పెడితే రెండు గంటల్లో చాలా భాగం పోతుంది. సూర్యుడి అతినీలలోహిత కిరణాలు క్లోరిన్‌ను విరగ్గొడతాయి. ఈత కొలనుల వాళ్లకు ఇది పెద్ద తలనొప్పి, క్లోరిన్ ఎండకు పోకుండా ఉండటానికి వేరే పదార్థం కలుపుతారు. మనకు మాత్రం ఇది ఉచిత సేవ. కాకపోతే మేడ మీద దుమ్ము, పావురాలు. నాకు అంత ఇష్టం లేని పద్ధతి.

ఇక ఫిల్టర్లు. ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఇళ్లలో ఆర్.ఓ. ఉంది కాబట్టి అడుగుతారని తెలుసు. ఆర్.ఓ. లోపల ఉండే పల్చటి పొర క్లోరిన్ తగిలితే పాడవుతుంది. అందుకే దానికి ముందు ఒక కార్బన్ గొట్టం పెడతారు. క్లోరిన్ పోయేది అక్కడే. ఆ కార్బన్ ఎక్కువగా దేంతో చేస్తారో తెలుసా? కొబ్బరి చిప్పతో! చిప్పను బొగ్గు చేసి, బాగా వేడి ఆవిరిలో ఉంచితే లోపల కంటికి కనబడని కోట్ల రంధ్రాలు పడతాయి. నీళ్లు ఆ రంధ్రాల్లోంచి వెళ్లేటప్పుడు క్లోరిన్ మామూలు ఉప్పులో ఉండే క్లోరైడ్‌గా మారిపోతుంది. నాన్నగారికి ఈ ముక్క చెప్పినప్పుడు, "మా ఊళ్లో పొయ్యిలో పెట్టేవాళ్లం కదమ్మా వీటిని" అని చాలాసేపు బాధపడ్డారు. అలాగని పొయ్యి బొగ్గు తెచ్చి కుండలో వెయ్యకండి. దానికి ఆ రంధ్రాలుండవు, బూడిద మాత్రం ఉంటుంది.

క్లోరిన్ ఒక్కటే మీ బాధ అయితే ఆర్.ఓ. అక్కర్లేదు, కార్బన్ ఫిల్టర్ ఒక్కటి చాలు. ఆర్.ఓ. ఒక బిందె ఇచ్చి అంతకు మించి పారబోస్తుంది. అది బోరు నీళ్లలో లవణాలు ఎక్కువున్నచోట పనికొచ్చే వస్తువు. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే నీళ్లు బాగున్నట్టేనని అదే ఐ.ఎస్. 10500 చెబుతుంది. కానీ కార్బన్ ఫిల్టర్‌కీ మా పాత్ర కథే వర్తిస్తుంది. క్లోరిన్ లేని తడి బొగ్గులో క్రిములు హాయిగా కాపురం పెడతాయి. గొట్టం మార్చాల్సిన తేదీని ఎఫ్.డి. మెచ్యూరిటీ తేదీలా క్యాలెండర్‌లో రాసుకోండి. సంక్రాంతికి ఊరెళ్లి వారం తర్వాత వస్తే మొదట వచ్చే నీళ్లు కొన్ని లీటర్లు అంట్లకు వాడెయ్యండి.

చుట్టుపక్కల వాళ్లు చెప్పినవీ కొన్ని ఉన్నాయి. పటిక వేస్తే మట్టి దిగుతుంది, క్లోరిన్ పోదు. వట్టివేళ్లు వేస్తే కమ్మని వాసన ఆ వాసనను కప్పేస్తుంది, అంతే, అయినా తాగబుద్ధి అవుతుంది కాబట్టి నేను కాదనను. నిమ్మకాయ పిండితే మాత్రం నిజంగానే పోతుంది, అందులోని విటమిన్ సి క్లోరిన్‌ను విరిచేస్తుంది. "అది కూడా కెమికలే కదమ్మా!" అని మా అమ్మాయి పట్టుకుంది. ఆ మాటకొస్తే నీళ్లూ కెమికలే. నిమ్మకాయను వంటింటి ఖాతాలో వేసి వదిలేశాం.

చేపలున్న ఇళ్ల పిల్లలకు ఒక్క మాట. మనకు వాసన మాత్రమే, వాటికి ప్రాణం మీదికొస్తుంది. క్లోరిన్ వాటి మొప్పలను కాల్చేస్తుంది. అక్వేరియం నీళ్లు మార్చే ముందురోజే బకెట్లో నీళ్లు పట్టి ఉంచండి, ఒకేసారి మొత్తం నీళ్లు మార్చకండి. మా క్వార్టర్స్‌లో ఒక పిల్లవాడు ప్రేమ కొద్దీ ఆదివారం పూట కుళాయి కింద నేరుగా తొట్టె నింపాడు. సాయంత్రానికి ఏడుపు.

అలాగే మీలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మా తమ్ముడు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉంటాడు. నా పద్ధతి విని రాత్రంతా నీళ్లు పెట్టి, "అక్కా, వాసన అలాగే ఉంది" అన్నాడు. అక్కడ 2004 నుంచి క్లోరిన్‌కు కొంచెం అమ్మోనియా కలిపి క్లోరమైన్‌గా వాడుతున్నారు. అది పైపుల్లో ఎక్కువకాలం నిలుస్తుంది, తపేలాలోనూ అంతే మొండిగా నిలుస్తుంది. రాత్రంతా ఉంచినా పోదు, మంచి కార్బన్ ఫిల్టర్ కావాలి. మీ పిల్లలకు సలహా ఇచ్చే ముందు వాళ్ల ఊళ్లో ఏం కలుపుతారో కనుక్కోమనండి. డయాలసిస్ చేసే చోట ఈ రెండింటిలో ఏదీ మిగలకుండా కార్బన్‌తో తీసేసి, ప్రతిసారీ పరీక్ష చేస్తారు. రక్తంలోకి వెళితే రక్తకణాలు పగిలిపోతాయి. తాగడానికి పనికొచ్చే నీళ్లే అక్కడ పనికిరావు.

క్లోరిన్ వల్ల క్యాన్సర్ వస్తుందా అని వాట్సాప్‌లో తిరిగే సందేశం గురించి ఇందాక ఒక మేడమ్ అడిగారు. క్లోరిన్ నీళ్లలోని ఆకు అలముతో కలిసినప్పుడు ట్రైహలోమీథేన్లు అనే పదార్థాలు కొద్దిగా పుడతాయి, వాటికి హద్దులు పెట్టారు, అది నిజం. కానీ ఆ భయంతో శుద్ధి చెయ్యడంలో మాత్రం రాజీ పడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. నాకైతే ఆసుపత్రిలో స్టూలు మీద కూర్చున్న ఆ రెండు రోజుల తర్వాత ఈ విషయంలో సందేహం లేదు. సంపులో, పైన ట్యాంకులో ఉన్న క్లోరిన్ జోలికి పోము. స్నానానికి, గిన్నెలకు అలాగే వాడతాం. నాన్నగారి చెంబు, మా కుండ, అక్కడికే మా ప్రయోగం.

ఆయన ఇప్పుడు రోజుకి ఏడు చెంబులు తాగుతున్నారు. అంటే చిన్న చెంబులే. క్యాలెండర్ మీద పెన్సిల్‌తో గీతలు ఆయనే గీసుకుంటారు, ఆదివారం నాకు బ్యాలెన్స్ షీట్ చూపిస్తారు. "బాగున్నాయి గానీ, గోదావరి నీళ్లు కావమ్మా" అని ఇప్పటికీ అంటారు. ఇవి గోదావరి నీళ్లు కూడా అని చెప్పడం మానేశాను.

ఈ బల్ల మీద రెండు జగ్గులున్నాయి. ఒకటి ఈ ఆఫీసు మున్సిపల్ కుళాయి నుంచి గంట క్రితం పట్టింది. రెండోది నిన్న సాయంత్రం అదే కుళాయి దగ్గర పట్టి, గుడ్డ కట్టి రాత్రంతా ఉంచింది. ఏది ఏదో నేను చెప్పను, నాన్నగారూ మీరూ చెప్పొద్దు. పిల్లలు ముందుకొచ్చి వాసన చూడండి, ఒక్కో గుక్క తాగండి, చీటీ మీద రాసి ఇవ్వండి. చుక్కల సీసా నా దగ్గరే ఉంది, చివర్లో వేరే గ్లాసుల్లో పోసి చూద్దాం. టీ వచ్చేలోపు కానివ్వండి. టీలో కలిశాక మా నాన్నగారు కూడా కనిపెట్టలేరు.